మూత పెట్టిన కెమెరా

పోయినవారం రాబియాను ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కించి, ఒళ్లో గుడ్డసంచితో కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. ఆ సంచిలో పాత వీడియో కెమెరా ఒకటి, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన క్యాసెట్టు ఒకటి ఉన్నాయి. క్యాసెట్టు ఆమె చెల్లెలు ముబష్షిరా నిఖా నాటిది. పదిహేడేళ్ల కిందటి ఆ నిఖాలో తాను సమ్మతం తెలిపే ‘కబూల్’ మాట అనలేదనీ, తన పేరున ఆ మాట మరెవరో అన్నారనీ ముబష్షిరా ఆనాటి నుంచీ చెబుతూనే ఉంది. బీర్కూరులో అత్తారింట్లో చెప్పింది. పిచ్చిదని వాళ్లు పుట్టింటికి పంపేశాక ఇక్కడా చెప్పింది. దర్గాల్లో చెప్పింది, డాక్టర్లకు చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు అన్న హైదర్ ఆమెను హైదరాబాదు అవతల ఏదో ఆశ్రయానికి పంపే ఏర్పాటు చేశాడు. ఎక్కడో ఏమిటో అతనికే తెలుసు. బండి ఎల్లుండి వస్తుంది. తల్లి కన్నుమూసే ముందు ముబష్షిరా చేతిని రాబియా చేతిలో పెట్టింది గనుక రాబియా సరేననాలి. ఆమె సరేనంది కూడా. ఆ తర్వాత చెల్లెలి బట్టలు సర్దుతుంటే పెట్టె అడుగున ఈ క్యాసెట్టు దొరికింది.

బస్సు లింగంపేట దాటేదాకా రాబియాకు తాను చేస్తున్న పని మీద నమ్మకం ఉంది. దాటాక పోయింది. చెల్లెలు చెప్పేది నిజమో కాదో తేల్చుకోవడానికి వెళుతున్నానని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అనుకుంది. బస్సు కుదుపులకు ఆ మాట మీది పెచ్చు ఊడిపోయి లోపలిది బయటపడింది. చెల్లెలు కబూల్ అన్నదని ఆ క్యాసెట్టు చెప్పాలి. తాను కోరుకుంటున్నది అది. ముబష్షిరా పిచ్చిదే అయితే ఎల్లుండి బండెక్కిస్తూ ఏడవవచ్చు, ఆ ఏడుపు నిజమైనదే అవుతుంది. పిచ్చిది కాకపోతే ఇన్నేళ్లూ ఆమెకు పట్టిన నీళ్లు, దువ్విన తల, ‘సరేలే, పడుకో’ అన్న ఓర్పు, వీటిలో ఒక్కటీ ప్రేమ కాకుండా పోతుంది. సొంత చెల్లెలికి పిచ్చి ఉండాలని మొక్కుకుంటున్న మనిషి ఎలా ఉంటుందో చూద్దామన్నట్టు రాబియా కిటికీ అద్దంలోకి చూసింది. మామూలుగానే ఉంది.

పైగా ఆ రోజు తాను చెల్లెలి పక్కనే కూర్చుంది. ముబష్షిరా తల వంచుకుని, పెదవులు కదిలించి, ఆ మాట అనడం చూసింది. ఎందరికో చెప్పింది కూడా. ‘నా చెవులతో విన్న’ అని.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ముక్తార్ స్టూడియో బయటికి పాస్‌పోర్టు ఫొటోల దుకాణం. లోపల పరదా వెనక ఇరుకుగదిలో, గోడవారగా, వయసు మీద పడ్డ కంప్యూటరు ఒకటి గురక పెట్టినట్టు చప్పుడు చేస్తోంది. ముక్తార్‌కు యాభై దగ్గర పడి ఉంటాయి. క్యాసెట్టును ట్యూబులైటు కిందకు ఎత్తి, మీద అంటించిన చీటీ చూసి నవ్వాడు.

“ఆపా, ఇది మా ఉస్తాద్ రాత. ఎల్లారెడ్డి హసన్ సాబ్. నాకు కెమెరా వట్టుడు నేర్పిందే ఆయన.”

“తీసింది ఆయన కాదు. ఆడోళ్ల దిక్కుది. ఆయన బిడ్డ తీసింది.”

“ఇఫ్ఫత్. అవు, ఆడోళ్ల దిక్కు మమ్ముల రానిస్తుండెనా? ఆమెనే పోయేది. మీ ఇంటి కోడలే అయ్యింది గద తర్వాత?”

“మా వదిన. మా హైదర్ భాయ్ భార్య.”

“మరి ఆమెను అడిగితె అయిపోవు. గీ కెమెరా గూడ ఉస్తాద్‌దే.”

కెమెరాను అటక మీంచి దించిన సంగతి ఇఫ్ఫత్‌కు తెలియదు. అడిగితే ఇవ్వదని కాదు. ఇఫ్ఫత్ ఏదీ కాదనదు. ముబష్షిరాకు అన్నం పెట్టేది ఆమే, మాత్రలు మింగించేది ఆమే, రాత్రి తలుపు గడియ పెట్టేది ఆమే. అలాంటి మనిషిని అడగడానికి నోరెందుకు రాలేదో రాబియాకు ఇప్పటికీ తెలియలేదు.

“క్యాసెట్టు మీ ఇంట్లనే ఉండుడు మంచిదైంది,” అన్నాడు ముక్తార్. “మీ బాపు గట్టి మనిషి. ఆడోళ్ల బొమ్మ స్టూడియోల ఉండొద్దని సీడీ అయిన తెల్లారే వచ్చి తీస్కపోయిండు. పరదా ఉన్న ఇండ్లల్ల అందరు గట్లనే చేస్తుండె. మేం సీడీ చేసిచ్చుడు, వాళ్లు క్యాసెట్టు గుంజుకపోవుడు. ఇంట్ల వెట్టుకోని ఒక్కనాడు సూడకపోదురు.”

నిజమే. ఆ పెట్టెలో అది పదిహేడేళ్లు పడుకుంది. చూడడానికి పనికొచ్చే యంత్రం ఇంట్లో లేదు, చూడాలని ఎవరికీ లేదు.

కెమెరాకున్న చిన్న తెర ఎప్పుడో పోయింది. బ్యాటరీ ఉబ్బింది. ముక్తార్ దానికి కరెంటు వైరు తగిలించి, ఇంకో సన్నటి వైరు వెతికాడు. ఒక కొన చిన్నది, రెండో కొన పెద్దది. చిన్న కొన కెమెరా పక్కనున్న మూత కింద దూర్చాడు. పెద్ద కొనను కంప్యూటరు వెనక వంగి, చేత్తో తడుముతూ దూర్చాడు.

“దీన్ని ఫైర్‌వైర్ అంటరాపా. కొత్త ల్యాప్‌టాప్‌లల్ల గిది వెట్టే జాగనే లేదు. అందుకే ఈ ముసల్దాన్ని పారెయ్యలే. ఇందుల విండోస్ గూడ లేదు, లినక్స్. వైరస్‌లతోని పరేషానై మార్పించిన.”

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టాడు. ‘డీవీగ్రాబ్’ అని గొణుక్కుంటూ ఎంటర్ నొక్కాడు. ఒక వరుస పడి ఆగిపోయింది. కెమెరా ఏదీ లేదన్నది దాని సారం.

“లేదంటది ఏంది, ముందలనే ఉన్నది కద,” అంది రాబియా.

“దానికి కండ్లు లేవు. మనం చెప్పినంకనే కన్పిస్తది.” కెమెరాను తిప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. “నేనే తప్పు. ఇది తీసే దిక్కు ఉన్నది. సూపెట్టే దిక్కు తిప్పాలె.” గుండ్రటి మీటను కటుక్కున తిప్పాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి ఇంకో వరుస పడింది. అనుమతి లేదని.

“మా అత్తగారింటి లెక్క,” అన్నాడు ముక్తార్. “ముందుగాల నువ్వెవరు అంటది. అల్లున్ని అంటె తలుపు తియ్యది. ఇంటి మాలిక్ వచ్చిండు అని చెప్పాలె.” అదే మాటను ముందు ఒక ముక్క చేర్చి మళ్లీ కొట్టి, పాస్‌వర్డ్ వేశాడు. కెమెరా లోపల ఏదో మేలుకున్నట్టు సన్నగా గిర్రుమంది.

ముక్తార్ వెంటనే ఆపేశాడు.

“ఆపా, ఒక్క మాట ఇనుండ్రి. ఇది పెన్‌డ్రైవ్ లెక్క కాదు, గుంజి కాపీ చేస్కునుడు లేదు. క్యాసెట్టు ఆడుతుండాలె, కంప్యూటరు తాగుతుండాలె. గంట క్యాసెట్టు అయితె గంట కూసోవాలె. ఇంకోటి. ఫీతా మీది పూత రాలుతున్నది, సూడుండ్రి.” క్యాసెట్టు రెక్క ఎత్తి చూపించాడు. గోరుకు గోధుమరంగు పొడి అంటింది. “ఒక్కసారి ఆడితె మల్ల ఆడుతదని నేను చెప్ప. ఆ ఒక్కసారిల వచ్చిందే వచ్చుడు.”

“నిఖా కాడికి ఉరికియ్యరాదు? నాకు అదొక్కటి చాలు.”

“ఉరికిస్తె తెగుతదేమో. మెల్లగ జరిపి సూద్దామంటె సూద్దాం…”

“ఉరికియ్యకు. మొదటి నుంచే పెట్టు.”

పరదా పక్కకు తొలగించుకుని హైదర్ నిలబడి ఉన్నాడు. కామారెడ్డిలోనే నిజాంసాగర్ చౌరస్తాలో అతనికి ట్రాక్టరు సామాన్ల దుకాణం ఉంది. చేతుల నిండా గ్రీజు. కడుక్కోకుండానే వచ్చినట్టున్నాడు.

రాబియా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తెలియదు. చిన్నప్పుడు తండ్రి వచ్చినప్పుడు లేచినట్టే.

“కూసో,” అన్నాడు హైదర్. కోపం లేదు. “ఇఫ్ఫత్ ఫోన్ చేసింది. అటక మీద కెమెరా లేదన్నది. ఎల్లారెడ్డిల ఇది వెట్టే జాగ లేదు, కామారెడ్డిల ఉన్నది ముక్తార్ ఒక్కడే. గింతదానికి దొంగతనం ఎందుకు, రాబియా? అడిగితె నేనే తెచ్చిద్దును.”

“అడిగితె వద్దంటవనుకున్న.”

“ఎందుకంట? నాకేం భయం? నేను వకీల్‌ను ఆ దినం. పరదా బయట నిలవడి అడిగింది నేను. ఇద్దరు గవాలు నా పక్కకున్నరు. హాఁ అన్నది ఇన్న. ఇనకపోతె పోయి ఖాజీకి చెప్తునా?”

నిఖాలో పెళ్లికూతురి తరఫున వకీలు ఉంటాడు. ఇద్దరు సాక్షులతో ఆడవాళ్ల గది దాకా వెళ్లి, ఫలానావాడితో నిఖా నీకు సమ్మతమేనా అని అడిగి, ఆ మాట తెచ్చి ఖాజీకి చెబుతాడు. అన్నో మేనమామో అవుతారు వకీలు. తెర లోపల ఎవరు మాట్లాడారో అతనికి కనిపించదు. వినిపిస్తుంది.

“అయితె సూద్దాం,” అంది రాబియా.

“సూడు. మొదటి నుంచి కడదాక సూడు. సగం సూసి సగం మాట్లాడొద్దు మల్ల.” హైదర్ ఇనుప స్టూలు లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. “నేను గూడ కూసుంట.”

ముక్తార్ ఇద్దరినీ చూసి, క్యాసెట్టును మొదటికి మెల్లగా తిప్పి, ఎంటర్ నొక్కాడు.

తెర మూలన చిన్న కిటికీలో బొమ్మ వచ్చింది. ముందు గళ్లుగళ్లుగా చెదిరి, తర్వాత కుదురుకుంది. చేతులు. గోరింటాకు పండిన చేతులు, గాజులు, మళ్లీ చేతులు. తండ్రి ఆజ్ఞ అది. మొహాలు తియ్యకూడదు, నగలూ చేతులూ తీసుకోవచ్చు. గొంతులు మాత్రం కెమెరాకున్న చిన్న స్పీకరులోంచి గాజు పగిలినట్టు వస్తున్నాయి. చనిపోయిన అమ్మ గొంతు. “షర్బత్ ఎవరికందలె?” అని అడుగుతోంది. ఆ గొంతు వినగానే రాబియా చెయ్యి దానంతట అదే పైటకొంగు సర్దుకుంది.

చేతుల్లో ముబష్షిరా చేతులు ఏవో పట్టడం కష్టం కాలేదు. గోరింటాకు కింద కూడా బొటనవేలి పక్క చర్మాన్ని గిల్లుకుంటూ ఉన్నాయి. అప్పుడు ఆమె డిగ్రీలో చేరి ఏడాది అయింది. ఇప్పటికీ అక్కడే గిల్లుకుంటుంది. అది జబ్బు లక్షణమని డాక్టరు రాశాడు. రాబియా తలాడించింది. జబ్బు కన్నా ముందే ఉన్న అలవాటని ఆమెకు ఆ పూట గుర్తు రాలేదు. ఒక మనిషికి పిచ్చి అని పేరు పడ్డాక ఆ మనిషి తుమ్మినా దగ్గినా దాని ఖాతాలోకే పోతుంది. ఇంట్లోవాళ్లు ఇది కావాలని చెయ్యరు. కళ్లే అలా అలవాటుపడతాయి.

టేపు ఆడుతూనే ఉంది. నగలు, అద్దం, పూలదండ, ఎవరిదో పసిబిడ్డ పాదం. హైదర్ కదలకుండా చూస్తున్నాడు. అతని జేబులో ఫోను ఒకసారి వణికింది. తీయలేదు.

ఉన్నట్టుండి బొమ్మ నల్లబడింది.

“అయిపోయింది,” అన్నాడు ముక్తార్. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది.

“ఆగు,” అంది రాబియా.

నలుపులోంచి ఊపిరి వినిపిస్తోంది. ఎవరిదో, చాలా దగ్గరగా, ముక్కుతో పీల్చి వదులుతున్న ఊపిరి. దూరంగా గాజులు. స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

ముక్తార్ తెర మీది వరుసలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “అయిపోలేదాపా. కెమెరా బంద్ చేసి మల్ల మొదలువెడితె కంప్యూటరు కొత్త ఫైలు చేస్తది. చెయ్యలే. అదే నడుస్తున్నది. మూత వెట్టింది, గంతే.”

“మూతేంది?”

“ఉస్తాద్ నేర్పిన పని. ఆడోళ్లు ముసుగు తీసినప్పుడు కెమెరా బంద్ చెయ్యొద్దు, కన్నుకు మూత వెట్టుండ్రి అంటుండె. బంద్ చేస్తె మొగోళ్ల దిక్కు తీసిందానికి, దీనికి జోడు కుదరదు, మిక్సింగ్ కాడ గోస. మూత వెడితె టేపు నడుస్తది, బొమ్మ రాదు, ఆడోళ్లకు ధైర్యం. నల్లది వచ్చిన కాడ ఆయన కోసి పారేస్తుండె. మీ సీడీల ఇది ఉండది.” కెమెరా ముందున్న చిన్న మైకు మీద వేలు పెట్టాడు. “బొమ్మ రాదు గని, మైకుకు మూత ఉండది కద.”

హైదర్ స్టూలు కిర్రుమంది.

నలుపులోంచి ఒక మగగొంతు వచ్చింది. పడుచు గొంతు, కొంచెం గర్వంగా, కొంచెం బెరుకుగా. ఎదురుగా కూర్చున్న మనిషి పదిహేడేళ్ల కిందటి గొంతు. తండ్రి పేరు, బీర్కూరు పెళ్లికొడుకు పేరు, వాళ్ల తండ్రి పేరు చదివి, నీకు సమ్మతమేనా అని అడిగింది.

జవాబు లేదు. ఎవరో ఆడవాళ్లు చిన్నగా నవ్వారు. సిగ్గుపడుతున్నదని ఒకరు అన్నారు.

గొంతు రెండోసారి అడిగింది.

ఎవరూ నవ్వలేదు. గదిలో ఏదో మారింది. నలుపు చిక్కబడినట్టు అనిపించింది రాబియాకు. అప్పుడు చాలా సన్నగా, కానీ ఒక్క అక్షరం కూడా చెదరకుండా, ముబష్షిరా మాట వినిపించింది.

“నేను ఆపాతోని మాట్లాడాలె. ఆపాను పిలువుండ్రి.”

రాబియా ముందుకు వంగింది. ఆపా అంటే అక్క, తానే. తాను పక్కనే ఉంది కదా. పక్కనే ఉన్న మనిషిని పిలవమంటుందేం? ఇప్పుడు తన గొంతు వినిపిస్తుంది, ‘ఇక్కడనే ఉన్న బేటా’ అని. ఎదురు చూసింది. వినిపించలేదు.

“ఆపా వస్తదిలే,” అంది ఎవరో ముసలామె. “ముందుగాల అను. బయట మొగోళ్లు నిలవడ్డరు.”

“ఆపా ఏది?”

“పెరట్ల బిడ్డకు పాలిస్తున్నది. వస్తది. అను బేటీ.”

రాబియా మనసులో పదిహేడేళ్లుగా ఉన్న ఒక గది, కిటికీతో సహా, నేలలోకి దిగిపోయింది. పెరట్లో జామచెట్టు నీడలో నులకమంచం. చంకలో నెలల పిల్ల. లోపల్నించి ‘ముబారక్’ అన్న అరుపులు వినిపించి, పిల్ల నోట్లోంచి రొమ్ము లాక్కుని, తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తడం. అంతా అయిపోయాక. ఇది నిజం. మరి వంచిన తల, కదిలిన పెదవులు? వాటిని తాను ఎప్పుడు చూసింది? చూడలేదు. ఎవరో చెప్పారు, తాను విన్నది. విన్నది ఇంకొకరికి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆ గదిలో తనకు ఒక చోటు చేసుకుని, చివరికి అక్కడే కూర్చుంది. అబద్ధం చెప్పానన్న గుర్తు కూడా లేకుండా.

మూడోసారి అడిగాడు పడుచు హైదర్. ఈసారి గొంతులో తొందర ఉంది.

నిశ్శబ్దం.

తర్వాత స్పీకరు ఒక్కసారి బర్రుమంది. అంత గట్టిగా, అంత దగ్గరగా వచ్చింది ఆ మాట.

“హాఁ. కబూల్ హై.”

బయట మగవాళ్లు అల్లాను తలిచారు. అడుగుల చప్పుడు దూరమైంది. ముబారక్, ముబారక్ అంటూ గది నిండా గాజులు. ఆ సందడి అడుగునుంచి, ఎవరూ పట్టించుకోని చోటునుంచి, చిన్నగా, ఆశ్చర్యంగా, ఇంకా కోపం కూడా పుట్టని గొంతుతో వచ్చింది ఇంకో మాట.

“నేను అనలే.”

రాబియా ఆ మాటను వేలసార్లు విని ఉంటుంది. అన్నం ముందు, మాత్రల ముందు, అర్ధరాత్రి గోడవైపు తిరిగి. అరిచి, గొణిగి, పాడినట్టు. ఇది మొట్టమొదటిది. ఇంకెవరైనా వింటారన్న నమ్మకం ఇందులో ఉంది. తర్వాతి వాటిలో లేనిది అదొక్కటే.

“నేను అనలే. ఎవరన్నరు?”

ఎవరూ జవాబు చెప్పలేదు. గదిలో ఎంతమంది ఆడవాళ్లున్నారో, అందరూ విన్నారు. సందడి ఇంకా పెరిగింది, అంతే.

టేపు టప్పుమని ఆగింది. కెమెరా లోపల ఏదో బిగుసుకుని ఏడ్చినట్టు మూలిగింది. ముక్తార్ వైరు పీకి, మూత తెరిచి చూశాడు. నలిగిన ఫీతా చక్రాలకు చుట్టుకుపోయింది.

“క్యాసెట్టు ఖతం,” అన్నాడు. “అయినా ఫైలు వచ్చింది. గింతదాక మొత్తం వచ్చింది.” పనివాడి తృప్తితో అన్నాడు. ఆ తృప్తిలోనే, ఆలోచించకుండా, ఇంకో మాట కూడా అనేశాడు. “ఆ కబూల్ అన్న గొంతు సూసిన్రా, మైకు పలిగింది. పెండ్లిబిడ్డ గంత దూరం ఉంటె గట్ల రాదు. మైకు నోటికాడ ఉన్నోళ్ల గొంతు అది. కెమెరా వట్టుకున్న…”

ఆగిపోయాడు. ఉస్తాద్ బిడ్డ పేరు నోటి దాకా వచ్చి నిలిచింది. తల దించుకుని, నలిగిన ఫీతాను వేలికి చుట్టుకోసాగాడు.

రాబియా అన్నవైపు తిరిగింది. హైదర్ నల్లటి తెరనే చూస్తున్నాడు.

“నువ్వు ఇన్నవ్ కద భాయ్. ఎవరి గొంతు ఇన్నవ్?”

“హాఁ అన్నది ఇన్న.”

“ఎవరిది?”

“ఆడోళ్ల గొంతు. లోపల్నించి. నాకేం తెలుసు, నేను పరదా ఎత్తి సూసిన్నా?”

“చెల్లె గొంతు తెల్వదా నీకు?”

“మూడోసారి గూడ అనకపోతె ఏం చెయ్యాలె అని నిలవడ్డ,” అన్నాడు హైదర్. “బయట పందిట్ల మూడొందల మంది. బాపు మొఖం. వాళ్లు బీర్కూరుకెల్లి బస్సులేసుకోని వచ్చిన్రు. గంతల హాఁ అన్నది ఇనవడ్డది. ఎవరిదని ఎవరడుగుతరు రాబియా, అసొంటప్పుడు? నువ్వైతె అడుగుతుంటివా?”

రాబియా జవాబు కోసం తనలో వెతికింది. అడిగేదాన్ని అని చెప్పడానికి కావలసిన మనిషి లోపల ఎక్కడా కనిపించలేదు. పెరట్లో ఉంది కాబట్టి తప్పించుకుంది. ఆ గదిలో ఉంటే తానూ గాజులు గలగలలాడించేది.

“ఇన్నేండ్లు ఆ పిల్ల నిజమే చెప్పింది,” అంది. “మనం మందులు మింగిచ్చినం.”

హైదర్ గోరు కింది గ్రీజును గీకాడు.

“ముబష్షిరాను నేను పంప. ఇది ఆమెకు ఇనిపిస్త. నువ్వు అనలే బేటా, నేనిన్న అని చెప్త. ఆ తర్వాత ఎటు పోదామంటె అటు పోతం.”

హైదర్ ఏమీ అనలేదు. ఆ మౌనమే రాబియాకు తేడాగా తోచింది. హైదర్‌ను ఆమె ఎరుగుదు. ఆ ఫైలు తుడిచెయ్యి అని ముక్తార్ మీద అరవాలి. నీకేమైనా పిచ్చి లేచిందా అని తన మీద అరవాలి. ఇఫ్ఫత్ పేరు ఎత్తకు అని బల్ల గుద్దాలి. ఏదీ చెయ్యలేదు. తుడిచినా తుడవకపోయినా ఒకటే అన్నట్టు కూర్చున్నాడు.

కూర్చున్నాడు. అసలు ఎందుకు కూర్చున్నాడు? దుకాణంలో గిరాకీలను వదిలి, చేతులు కూడా కడుక్కోకుండా, అన్నం తినేటప్పుడు కూడా సగంలో లేచే మనిషి, ముందుకు ఉరికించవద్దని, మొదటినుంచి కడదాకా చూడాల్సిందేనని, తలుపుకు అడ్డంగా స్టూలు వేసుకుని.

అతని జేబులో ఫోను మళ్లీ వణికింది. ఈసారి తీసి చూసి, తెర కిందికి చేసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ కాస్తలోనే రాబియాకు ఇఫ్ఫత్ ఫొటో కనిపించింది.

“భాయ్. బండి ఎల్లుండి కద.”

హైదర్ గ్రీజు చేతుల్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. “నువ్వుంటె ఏడుస్తవ్. అది గూడ బెదురుతది. ఇఫ్ఫతే అన్నది, బండిని ఇయ్యాల్నే పిలుద్దామని. కెమెరా లేదని సూసినంక…” అక్కడితో ఆపాడు.

రాబియా ఫోను తీసింది. వేళ్లు సరిగ్గానే పనిచేస్తున్నాయి. రెండు రింగులు కాకముందే అవతల ఎత్తారు.

“హాఁ, ఆపా.”

చెవికి ఆనించినట్టు, అంత దగ్గరగా వచ్చింది ఆ గొంతు. మెత్తగా, ఓపిగ్గా. రాబియా రోజూ వినే గొంతే. ఒక్క క్షణం ఆమె కళ్ల ముందు మళ్లీ అంతా నల్లబడింది.

“ముబష్షిరాకు ఫోనియ్యి, భాభీ.”

“లేదాపా. పోయింది. గిప్పుడే కదిలింది బండి.”

“ఎక్కడికి పోయింది? ఏ ఊరికి?”

“మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. బలిమి ఏం చెయ్యలే. పోతవా అని మూడుసార్లు అడిగిన ఆపా,” అంది ఇఫ్ఫత్. “హాఁ అన్నది.”